పక్క ప్లాట్లన్నీ మెరక లేపేశారు, మాది గుంటయిపోయింది. కట్టే ముందు లెవల్‌కీ, నీళ్ళు పోవడానికీ పర్మిషన్ ఏమైనా ఉంటుందా?

తుమ్మలగుంట_దాటాక:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇల్లు కట్టినవాళ్ళు, కడుతున్నవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. తుమ్మలగుంట దాటాక మాకో ప్లాటు ఉంది, 36 ఇంటు 50, అంటే మన లెక్కలో 50 అంకణాలు (నెల్లూరు వాళ్ళు 25 అనుకుంటారేమో, మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులే). 2016లో కొన్నప్పుడు చుట్టూ వేరుశనగ చేనులాగా అంతా ఒకే మట్టం. ఇప్పుడు ఉత్తరం పక్కాయన మూడడుగులు గ్రావెల్ తోలించి రెండంతస్తులు కట్టేశాడు, పడమర వాళ్ళు రెండున్నర అడుగులు తోలి వదిలేశారు, దక్షిణాన ఉన్న రోడ్డు కూడా సీసీ వేసినప్పుడు ముప్పావు అడుగు పైకి లేచింది. తూర్పు ప్లాటొక్కటే మాలాగా ఖాళీ. పోయిన నవంబరు వానల్లో చూడ్డానికి పోతే ప్లాటులో మోకాలి లోతు నీళ్ళు, కప్పలు, ఎవరివో రెండు ఎనుములు హాయిగా పడుకుని ఉన్నాయి. మా ఆవిడ ఇల్లెందుకు, చేపలు పెంచుకుందాం అంటోంది.

వచ్చే మార్చిలో పని మొదలుపెట్టాలని ఉంది. నా డౌట్ ఏందంటే, ఇలా ఎవరికి ఇష్టమొచ్చినంత ఎత్తు వాళ్ళు మట్టి తోలుకోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదా? డల్లాస్‌లో ఉన్న మా బామ్మర్ది ఫోన్ చేసి, లాట్ గ్రేడింగ్ అప్రూవల్, అంటే ప్లాటు నేల మట్టాలకీ వాటానికీ పర్మిషన్, లేకుండా ఎట్లా కడతారు బావా, ఇక్కడైతే పునాది కూడా వేయనివ్వరు అంటాడు. నేను పోయి అడిగితే ఒకచోట, ఇంటి ప్లాన్ పెట్టుకోండి అన్నీ అందులోనే వస్తాయి అన్నారు. ఇంకోచోట నాలా కట్టారా అని అడిగారు. నేను కాలువ అనుకుని, కాలువ మీరే కదా సార్ కట్టాల్సింది అన్నాను. వాళ్ళు నవ్వారు. నాలా అంటే పొలాన్ని ఇళ్ళ స్థలంగా మార్చినందుకు అప్పట్లో కట్టాల్సిన ఫీజంట.

మేస్త్రి నాలుగడుగులు లేపేద్దాం, మళ్ళీ ఆలోచనే ఉండదు అంటున్నాడు. వాస్తు చూసే ఆయన నీళ్ళు ఈశాన్యానికే పోవాలంటున్నాడు. ఈశాన్యంలో ఏముంది, పక్కాయన మూడడుగుల మట్టి. పైగా ఆయన మిద్దె మీది వాన గొట్టాలు నాలుగూ మా ప్లాటు వైపే తిప్పి పెట్టాడు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు:

ఇందులో ఆలోచించేదేముంది అన్నా. ఆయన మూడు లేపితే నువ్వు నాలుగు లేపు. మా వీధిలో అందరూ చేసింది అదే. ఆఖర్న కట్టినోడిదే పైచేయి.

ప్లాన్_గీసేవాణ్ణి:

పైన తమ్ముడు చెప్పింది మాత్రం వినొద్దు సార్, కారణం తర్వాత చెప్తాను. నేను ఎల్టీపీగా, అంటే ప్లాన్లు గీసి పెట్టే లైసెన్సు ఉన్నవాడిగా, ఈ చుట్టుపక్కల ఇళ్ళకి ప్లాన్లు పెడుతుంటాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

మీ బామ్మర్ది చెప్పిన లాట్ గ్రేడింగ్ అప్రూవల్ లాంటి కాగితం చిన్న ఇళ్ళకి మన దగ్గర విడిగా లేదు. మీ ప్లాటు టుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉన్న పంచాయతీలో అయినా, కార్పొరేషన్‌లో అయినా ప్లాన్ ఆన్‌లైన్‌లోనే, ప్రభుత్వ ప్లాన్ల వెబ్‌సైటు ఏపీడీపీఎంఎస్‌లో పెట్టాలి, రూల్స్ 2017లో వచ్చిన జీవో 119వి, తర్వాత వాటికి సవరణలు చాలా వచ్చాయి. ఆ ప్లాన్‌లో రోడ్డు వెడల్పు చూస్తారు, సెట్‌బ్యాక్‌లు చూస్తారు, ఇల్లెంత ఎత్తు, ఇంకుడు గుంత ఎక్కడ అని చూస్తారు. మీ నేల రోడ్డుకి ఎంత పైన ఉంది, పక్కాయన నేలకి ఎంత కింద ఉంది, వాన పడితే నీళ్ళు ఏ మూల నుంచి బయటికి పోతాయి అన్నది ఎవరూ అడగరు. అడగరు కాబట్టే మేమూ గీయం, దాపరికం ఎందుకు.

కాలువల విషయంలో గట్టిగా చూసేది లేఔట్ దశలో. లేఔట్ రూల్స్ కూడా 2017లో వచ్చాయి, జీవో 275. రోడ్లు, వాన నీటి కాలువలు, కల్వర్టులు వేసి చూపించేదాకా లేఔట్ వేసిన ఆయన ప్లాట్లలో 15 శాతం తనఖా పెట్టి ఉంచాలి. అప్రూవ్డ్ లేఔట్‌లో, ఎల్పీ నంబరు (లేఔట్ పర్మిట్ నంబరు) చూసి కొనండి అని మేం గొంతు చించుకునేది ఇందుకే. మీది ఎల్పీ నంబరు ఉన్నదా, లేక తర్వాత ఎల్‌ఆర్‌ఎస్, అంటే పర్మిషన్ లేని లేఔట్‌లో ప్లాటుని రెగ్యులర్ చేయించుకునే ఫీజు, కట్టిందా? ఎల్‌ఆర్‌ఎస్ అయితే ప్లాటు రెగ్యులర్ అవుతుంది, ఇంటికి ప్లాన్ వస్తుంది, అంతవరకే. మీరు డబ్బు కట్టిన మరుసటి రోజు కాలువ వచ్చి వీధిలో నిలబడదు.

ఇంకోటి, మీ ప్లాటు పక్కన గాని వెనక గాని వంక, కాలువ, చెరువు ఏమైనా ఉన్నాయా? ఉంటే రూల్సు బాగానే ఉన్నాయి. పది మీటర్ల లోపు వెడల్పున్న వంకకి, కాలువకి హద్దు నుంచి 2 మీటర్లు, అంతకంటే పెద్దదైతే 9 మీటర్లు వదలాలి. పది హెక్టార్లు దాటిన చెరువైతే 30 మీటర్లు, చిన్న చెరువైతే 9. హద్దు అంటే మీరు పోయిన రోజు నీళ్ళు కనిపించిన చోటు కాదు, రికార్డులో ఉన్న హద్దు.

ఇక ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పేది, ప్లింత్ (మన మేస్త్రిలు బేస్‌మెంటు అనేది) చుట్టూ ఉన్న నేల మట్టం కంటే కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర పైన ఉండాలి. కార్లు పెట్టే చోటు కనీసం 150 మిల్లీమీటర్లు పైన. గమనించండి, ఎత్తు పెంచాల్సింది ఇల్లు. మొత్తం ప్లాటుని నాలుగడుగులు లేపమని అందులో ఎక్కడా లేదు. మన మేస్త్రిలు ఈ రెండిటినీ కలిపేస్తారు.

ఒక లెక్క చెప్తా. మీ ప్లాటు 1800 చదరపు అడుగులు, అంటే సుమారు 167 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే, నవంబరులో మనకి అది వింతేమీ కాదు, మీ ప్లాటు మీద ఒక్కదాని మీదే 16,700 లీటర్లు. నాలుగు ట్రాక్టరు ట్యాంకర్లు. పక్కాయన గొట్టాల నీళ్ళు దీనికి అదనం. మీరు నాలుగడుగులు లేపారనుకోండి, ఈ నాలుగు ట్యాంకర్లూ ఎక్కడికో పోవాలిగా. తూర్పు ఖాళీ ప్లాటులోకి పోతాయి. రేపు ఆయన అయిదు లేపుతాడు. కొర్లగుంట తమ్ముడూ, అందుకే వద్దన్నా.

కొర్లగుంట_కుర్రోడు:

సార్ నేను కూడా తెలిసే అన్నా, ఊళ్ళో జరుగుతున్నది అదే కదా. మా ఏరియా పేరులోనే గుంట ఉంది. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, ఈయన ప్లాటేమో తుమ్మలగుంట. పేరు పెట్టినోళ్ళు ముందే చెప్పి పెట్టారు, మనమే వినలా.

ఎమ్మార్‌పల్లి_అక్క:

నేను ఇంజనీర్ని కాదు, ఇంట్లో బురద ఎత్తిపోసినదాన్ని. 2021 నవంబరులో. మా మామగారు 98లో కట్టినప్పుడు గడప రోడ్డుకి రెండడుగులు పైన ఉండేదంట. తర్వాత ఒకసారి తారు, ఒకసారి కంకర మీద తారు, ఆ పైన సిమెంటు, పాతది తవ్వకుండా దానిమీదే కొత్తది. నేను కోడలిగా వచ్చేసరికి గేటు ముందు రెండు మెట్లు, మా పెద్దది బడికి పోయేసరికి ఒక్క మెట్టు, ఆ వాన నాటికి రోడ్డే మా వరండాకి కొంచెం పైన. కాబట్టి తమ్ముడూ, ఇప్పటి రోడ్డుని చూసి ఎత్తు పెట్టుకోవద్దు, ఇంకోసారి రోడ్డు వేస్తే ఎంత లేస్తుందో అది కూడా కలుపుకో.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మా ఇంట్లోకి నీళ్ళు మొదట గేటులోంచి రాలేదు, బాత్‌రూమ్ బొక్కలోంచి వచ్చాయి. వీధిలో నీళ్ళు నిలిస్తే జనాలు యూజీడీ మూతలు తీసేసి వాన నీళ్ళు అందులోకి తోలేస్తారు. అది మురుగు కోసం వేసిన గొట్టం, అంత వాన పట్టదు, నిండగానే పల్లంలో ఉన్న ఇళ్ళలోకి వెనక్కి తంతుంది. ఆ వాసన నేను చెప్పలేను. తర్వాత ప్లంబర్ని పిలిచి ఛాంబర్‌లో నీళ్ళు వెనక్కి రాకుండా వాల్వు పెట్టించాం. కట్టేటప్పుడే పెట్టించుకుంటే గ్రానైటు పగలగొట్టే పని ఉండదు.

సంపు గురించి కూడా. అప్పుడే శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు ఒరలతో కట్టిన సంపు నేలలోంచి లిఫ్టులాగా పైకి లేచొచ్చింది గుర్తుందా, లోపల దిగి కడుగుతున్న ఆవిడ బతికి బయటపడింది. టీవీల వాళ్ళు వింత వింత అని రోజంతా చూపించారు. మా అబ్బాయి మాత్రం వింతేం కాదమ్మా, ఖాళీ బిందెని నీళ్ళలో ముంచి వదిలితే పైకి రాదా అన్నాడు. చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు సంపు ఖాళీ చేయకూడదంట. వాన ఎక్కువగా ఉన్నన్ని రోజులూ మేం ఇప్పుడు నింపే ఉంచుతాం.

డల్లాస్_చిత్తూరోడు:

బావా, ఆ బామ్మర్దిని నేనే. అక్క లింకు పంపింది. నా మాటలు ఇక్కడ పెట్టే ముందు ఒక మాట అడగాల్సింది, సరే కానీ.

పునాది కూడా వేయనివ్వరు అన్నది కొంచెం ఎక్కువ చేసి చెప్పానేమో, విషయం మాత్రం నిజమే. ఇక్కడ కొత్త కాలనీలో ప్రతి లాటుకీ గ్రేడింగ్ ప్లాన్ ఉంటుంది, ఇంటి ఫ్లోరు ఎంత ఎత్తులో రావాలి, నాలుగు మూలల్లో నేల ఎంత ఎత్తు, నీళ్ళు ఎటు పోవాలి అని బాణం గుర్తులతో సహా గీసి ఉంటుంది. ఇంటి లోన్లకి హామీ ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు దీనికి ఏ, బీ, సీ అని రకాలు కూడా పెట్టారు. ఏ అంటే నీళ్ళన్నీ వీధిలోకి, బీ అంటే సగం వీధిలోకి సగం వెనక్కి, సీ అంటే అన్నీ వెనక్కి. రెసిడెన్షియల్ కోడ్‌లో ఒక లెక్క ఉంది, ఇంటి గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల కనీసం ఆరు అంగుళాలు కిందికి వాలాలి. అంత చోటు లేకపోతే పక్కన చిన్న కాలువ తీయాలి. సిమెంటు చేసిన చోటైతే రెండు శాతం వాటం. నాతో పనిచేసే అతను కెనడాలో కాల్గరీ నుంచి వచ్చాడు, వాళ్ళకి లాట్ గ్రేడింగ్ బైలా అని ఆ పేరుతోనే ఒక చట్టం ఉంది, ఇల్లయ్యాక నేల మట్టాలు మళ్ళీ కొలిపించి ఆ సర్టిఫికెట్ సిటీకి ఇవ్వాలంట.

ఇక్కడంతా స్వర్గం అనుకోవద్దు. మా వెనకింటాయన స్విమ్మింగ్ పూల్ తవ్వి ఆ మట్టి మా కంచె వైపు పోస్తే మా పెరడు నెల రోజులు చిత్తడి. తేడా ఏందంటే టెక్సాస్ వాటర్ కోడ్‌లో 11.086 అని ఒక సెక్షన్ ఉంది, వాన నీటి సహజమైన దారిని మళ్ళించి పక్కవాడి ఆస్తికి నష్టం చేయకూడదని. ఆ నంబరు ఉత్తరంలో రాసి ఇస్తే వారంలో మట్టి తీసేశాడు. ఇండియాలో అలాంటిది ఉందా తెలిసినవాళ్ళు చెప్పండి.

పది అడుగులకి ఆరు అంగుళాలు మీకు సెట్‌బ్యాక్‌లో కుదరదు బావా, అది నాకూ తెలుసు. మూడడుగుల సందులో ఎక్కడ వాలుస్తారు.

కోర్టు_సెంటర్:

ఉంది. మన చట్టం టెక్సాస్ వాళ్ళ చట్టం కంటే పాతది కూడా, ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్, 1882. సెక్షన్ 7 కింద ఇచ్చిన ఉదాహరణలు చదవండి. మెరక మీద ఉన్న భూమిలో సహజంగా పుట్టిన, పడిన నీళ్ళు సహజంగా కింది భూమిలోకి పారడానికి కింది భూమి యజమాని ఒప్పుకోవాలి, అది పై భూమి వాడి హక్కు. ఇందులో సహజంగా అన్న మాటని వదలొద్దు, కేసంతా దానిమీదే నడుస్తుంది. టిప్పరుతో తోలిన మూడడుగుల మట్టి సహజం కాదు. మిద్దె మీది నీళ్ళన్నీ గొట్టంలో పోగేసి మీ ప్లాటులోకి వదలడం అసలే కాదు. గొట్టాల విషయంలో మీకు గట్టి పాయింటు ఉంది.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి. కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన, కాబట్టి మీ ప్రాంతంలో నేల స్వభావంగా దక్షిణానికి వాలి ఉంటుంది. ఎప్పటినుంచో ఉత్తరం వైపు నుంచి మీ నేల మీదుగా నీళ్ళు పారుతూ ఉంటే, మీరు నాలుగడుగులు లేపి దాన్ని మొత్తం మూసేస్తే, అప్పుడు తప్పు మీది అవుతుంది. ఒక సందు వదలండి.

కేసు వేయమని మాత్రం నా సలహా కాదు. ఇంటి గోడ విషయంలో మొదలైన కేసులు కొడుకుల పెళ్ళిళ్ళు దాటి మనవళ్ళ దాకా పోయినవి చూశాను. ముందు గొట్టాల ఫోటోలు తేదీతో తీసి పెట్టుకోండి, వానలో వీడియో తీయండి. తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆయనింటికి కాఫీకి పోండి. కాఫీ పని చేయకపోతే అప్పుడు నోటీసు.

నీవా_ఒడ్డు:

చిత్తూరు నుంచి. మాది చిన్న అనుభవం, కానీ చెప్పాలి. మా ప్లాటు వెనక పిల్ల వంక ఒకటి ఉండేది, ఉండేది అంటే కాగితంలో. సర్వేయర్ ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం, తీసి చూపిస్తే రెండు గీతలు ఉన్నాయి, నేల మీద చూస్తే కంప చెట్లు తప్ప ఏమీ లేదు. పదేళ్ళుగా చుక్క నీరు పారలేదు అని అందరూ చెప్పారు. నిజమే, పదేళ్ళు పారలేదు. 2021లో పారింది. మా కాంపౌండు గోడ ఎత్తుకుపోయి రెండు వీధుల అవతల పెట్టింది.

కాబట్టి కట్టే ముందు మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, గ్రామ పటం రెండూ తీయించండి. చుట్టుపక్కల వంక పోరంబోకు, కాలువ పోరంబోకు అని ఏమైనా ఉందా చూడండి. ఊళ్ళో ముసలాయన ఎవరినైనా పట్టుకుని, తాతా ఈ చెరువు మొరవ పారితే నీళ్ళు ఎటు పోయేవి అని అడగండి. పటం కంటే ఆయన చెప్పేది కరెక్టుగా ఉంటుంది.

మేస్త్రి_కొడుకు:

మా నాయన నలభై ఏళ్ళు మేస్త్రి పని చేశాడు, నేను సూపర్‌వైజర్ని. నాలుగడుగులు లేపుదాం అన్న మేస్త్రిని తిట్టొద్దు, ఆయన భయం ఆయనది, రేపు నీళ్ళొస్తే అందరూ ఆయన్నే కదా అనేది. కానీ కొలవకుండా చెప్పిన ఎత్తు అది.

అన్నా, ముందు లెవల్ ట్యూబు ఒకటి తెచ్చుకో, నీళ్ళు నింపిన సన్న గొట్టం, అంతే. దూరం ఎక్కువుంటే ఆటో లెవల్ ఉన్న కుర్రాడిని ఒక పూటకి పిలువు. ఇంటి దగ్గర మొదలుపెట్టకు, నీళ్ళు చివరికి పోయే చోట మొదలుపెట్టు. వీధి కాలువ అడుగు ఎక్కడుంది, ఆ కాలువ పోయి పడే కల్వర్టు అడుగు ఎక్కడుంది, కాలువ నిజంగా అటు వాలి ఉందా లేక మధ్యలో కడుపు దిగి నిలబడి ఉందా, అది చూడు. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రా. కాలువ అడుగు, దానిపైన మీ గొట్టం, దానిపైన వాకిలి, దానిపైన బేస్‌మెంటు. మీరందరూ బేస్‌మెంటు నుంచి మొదలుపెట్టి కిందికి వస్తున్నారు, అందుకే ఆఖరికి కాలువ దగ్గర తగ్గట్లేదు.

వాస్తు సంగతి. తిరుపతిలో ఇది ఇంటింటి రామాయణం. శాస్త్రం ప్రకారం నైరుతి మెరక, ఈశాన్యం పల్లం ఉండాలి. మన ఊరికేమో దేవుడే ఉత్తరాన ఏడుకొండలు పెట్టుకుని కూర్చున్నాడు, నీళ్ళన్నీ దక్షిణానికి వస్తాయి. దీనికి మేం చేసేది ఏందంటే, గోడ లోపల వాకిలి వాటం అంతా ఈశాన్యానికే ఇస్తాం, ఆ మూలలో ఒక చిన్న తొట్టి కడతాం, అక్కడి నుంచి తూర్పు సందులో నేల కింద ఆరంగుళాల గొట్టం వేసి దక్షిణం రోడ్డు కాలువలో కలిపేస్తాం. యాభై అడుగుల పొడవుకి ఆరంగుళాలు వాటం చాలు. వాస్తు ఆయనా సంతోషం, నీళ్ళూ సంతోషం. ఆ తొట్టి మీద జాలీ పెట్టండి, ఆకులు పడితే ఒక్క వానకే గొట్టం మూసుకుపోతుంది. అక్కడే ఇంకుడు గుంత పెట్టుకుంటే మొదటి వానలు భూమిలోకే పోతాయి, కానీ పునాదికి ఆనుకుని తవ్వొద్దు.

మట్టి తోలేటప్పుడు టిప్పర్లన్నీ ఒకే రోజు కుమ్మరించి పైన జేసీబీ తిప్పితే అయిపోయింది అనుకుంటారు. అర అడుగు, ముప్పావు అడుగు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస తోనో రోలరు తోనో కుదించాలి, లేకపోతే రెండో ఏడు వాకిలి టైల్సు కిందికి దిగుతాయి. గోతులు మాత్రం తోలిన మట్టి మీద ఆపకూడదు, పాత గట్టి నేల తగిలేదాకా పోవాల్సిందే. గ్రావెల్ ఎక్కడినుంచి తెస్తున్నారో పర్మిట్ కాగితం అడుగు, చెరువులో తవ్విన మట్టి అని తర్వాత గొడవలొస్తే టిప్పరోడు కనపడడు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. ఉత్తరం పక్కాయన మూడడుగుల మట్టి దేనికి ఆని ఉంది? మామూలు నాలుగంగుళాల ఇటుక గోడకి అయితే అది నానినప్పుడు మీ వైపు పడుతుంది. ఇటుక గోడ హద్దు చూపించడానికే, మట్టిని ఆపడానికి కాదు. రాతి కట్టడమో కాంక్రీటు గోడో ఉండాలి, దాంట్లో నీళ్ళు కారడానికి అక్కడక్కడా బొక్కలు వదలాలి.

ప్లాన్_గీసేవాణ్ణి:

ఈ కుర్రాడు చెప్పినట్టే చేయండి సార్. మీరు కొలిచి ఆ మట్టాలు నాకు పంపితే, రూలు అడిగినా అడక్కపోయినా ప్లాన్ మీద ఒక మూల గీసి ఇస్తాను. రేపు పక్క ప్లాటు వాళ్ళతో మాట వస్తే చూపించడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

తుమ్మలగుంట_దాటాక:

అందరికీ చాలా థ్యాంక్స్. మొన్న ఆదివారం ట్యూబుతో కొలిచాం, సంగతులు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

ఎల్టీపీ సార్ అడిగినదానికి, మాది పంచాయతీ లేఔట్, ఎల్పీ నంబరు లేదు, 2020లో ఎల్‌ఆర్‌ఎస్ కట్టాం. ఎఫ్‌ఎంబీ తీయించాను, మా సర్వే నంబరులో వంక లేదు, రెండు నంబర్ల అవతల ఒకటి ఉంది, ఆ లెక్కన చాలా దూరం.

మా ప్లాటు నేలని సున్నా అనుకుంటే రోడ్డు 9 అంగుళాలు పైన. వీధి కాలువ అడుగు సున్నాకి ఒక అడుగు కింద. అది తూర్పుకి రెండు వందల అడుగులు పోయి కల్వర్టులో పడుతుంది, కల్వర్టు అడుగు ఇంకో 7 అంగుళాలు కింద, కాబట్టి వాటం ఉంది. మరి నీళ్ళెందుకు పోవట్లేదు అని చూస్తే మధ్యలో ఒకాయన కారు ఎక్కించుకోవడానికి కాలువలో మట్టి నింపి పైన బండలు పరిచాడు. ఇన్నాళ్ళూ నా ప్లాటు పల్లం అని ఏడుస్తున్నా, సగం సమస్య అక్కడుంది. సచివాలయంలో అర్జీ ఇచ్చాను, ఫోటోలతో.

లెక్క వేస్తే నాలుగడుగులు అక్కర్లేదు. వాకిలి ఈశాన్యంలో 15 అంగుళాలు, రోడ్డు వైపు 21 అంగుళాలు లేపితే చాలు, దానిపైన అడుగున్నర బేస్‌మెంటు, అంటే గడప రోడ్డుకి రెండున్నర అడుగులు పైన వస్తుంది, ఎమ్మార్‌పల్లి అక్క చెప్పినట్టు ఇంకో రెండు మూడు రోడ్లు వేసినా తట్టుకుంటుంది. ప్లాటు మొత్తం నాలుగడుగులు లేపి ఉంటే 72 యూనిట్ల మట్టి (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు), ఇప్పుడు సగటున అడుగున్నర కాబట్టి 27, కుదింపుకి పావు వంతు ఎక్కువ వేసుకున్నా 34 దాటదు. బేస్‌మెంటు లోపలిది ఎటూ తప్పదు, అది వేరే.

ఉత్తరం పక్కాయనింటికి కాఫీకి పోయాను. గొట్టాల మాట ఎత్తగానే ముఖం మాడ్చుకున్నాడు, నీ ప్లాటు ఖాళీగా ఉంది కాబట్టి పెట్టాను అన్నాడు, నిజమే కదా అనిపించింది నాకు కూడా. వీడియో చూపించాక రెండు గొట్టాలు ముందుకి తిప్పుకుంటానన్నాడు, మిగతా రెండూ మా తూర్పు సందు గొట్టంలో కలపనివ్వాలంట. ఆ నీళ్ళు కూడా పడితే ఆరంగుళాల గొట్టం సరిపోతుందా, ఎనిమిది వేయాలా? మేస్త్రి కొడుకు తమ్ముడు చూస్తే చెప్పాలి. తూర్పు ప్లాటు వాళ్ళు బెంగళూరులో ఉంటారంట, నంబరు దొరికింది, మేం లేపేది ఎంతో ముందే చెప్పి ఈ మట్టాల కాగితం వాళ్ళకీ పంపుతున్నాను.

మేస్త్రి_కొడుకు:

ఎనిమిది వేసెయ్ అన్నా. యాభై అడుగులకి తేడా పెద్దగా ఏం రాదు. తూర్పు సందు మలుపు దగ్గర ఒక ఛాంబర్ పెట్టించు, కర్ర పెట్టి పొడవడానికి వీలుగా.